ఇరవై నిమిషాల పాస్తా

వెల్లుల్లి రెబ్బని కత్తి పక్కతో ఒక్క చరుపు చరిచి, పొట్టు లాగేసి గిన్నెలో వేసింది. ఇంకోటి. ఇంకోటి. ఆమె కుడిచేతికి చూపుడువేలూ నడిమివేలూ మొదటి కణుపు దగ్గరే ఆగిపోయి ఉంటాయి. అందుకని కత్తిని బొటనవేలికీ అరచేతికీ మధ్య ఇరికించి పట్టుకుంటుంది. కొత్తగా చూసేవాళ్లకి అది ఇప్పుడే జారి కాలిమీద పడుతుందేమో అనిపిస్తుంది. ముప్పై ఒక్క ఏళ్లలో ఒక్కసారీ జారలేదు.

పొద్దున్న ఆరు దాటింది. పని ఏడింటికి మొదలు. ఆమె మాత్రం ఒక గంట ముందే వస్తుంది. లాండ్రీలో ఉతికే యంత్రాలు ఇంకా తిరగడం లేదు. ఇస్త్రీ గది వైపునుంచి మాత్రం ఆవిరి బుసకొడుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఏదో ఆసుపత్రి దుప్పట్లు తొందరగా కావాలన్నారని నిన్న అనుకున్నారు. ఆ సంగతి ఆమె అంతగా పట్టించుకోలేదు.

వంటగది నాలుగడుగుల్లో అయిపోతుంది. రెండు పొయ్యిలు, ఒక తొట్టి, ఒక పాత ఫ్రిజ్, భోజనాల గదిలోకి తెరుచుకునే చిన్న కిటికీ. ఆ కిటికీలోంచే పళ్లాలు అందిస్తుంది. అల్లం తురిమింది. ఎండుమిరపకాయలు తుంపింది. క్యాప్సికం సన్నగా చీరింది. ఉల్లికాడలు తెల్లవి వేరే, పచ్చవి వేరే తరిగింది. వేయించిన వేరుశనగలు నూరిన ముద్దలో సోయా సాస్, టమాటా గుజ్జు, కాస్త బెల్లం వేసి కలిపి మూత పెట్టింది. అన్నీ వరసగా బల్లమీద పెట్టి, ఎడమనుంచి కుడికి ఒకసారి చేత్తో తాకుతూ వెళ్లింది. ఏది ముందు, ఏది తర్వాత, కళ్లు మూసుకున్నా చెయ్యి వెళ్లాలి.

ఆమెని అందరూ నిమిషమ్మ అంటారు. ఎవరేం అడిగినా ‘ఒక్క నిమిషం’ అనడం ఆమె అలవాటు. అన్నమాట ప్రకారం నిమిషంలోనే ఇచ్చేస్తుంది కూడా. అసలు పేరు హాజరు పుస్తకంలో ఉంది. ఆ పుస్తకం తెరిచేవాళ్లకి తప్ప దానితో ఎవరికీ పనిలేదు.

నెల కిందట భోజనానికి ఇచ్చే అరగంటని ఇరవై నిమిషాలు చేశారు. ఆ వారంలోనే, అప్పటిదాకా వంట ఒక్కటే చూసుకునే ఆమెని దుప్పట్లు మడతపెట్టే బల్ల దగ్గరికి మార్చారు. భోజనం బెల్లుకి పది నిమిషాల ముందు వంటకి వదులుతారు. ఆ పది నిమిషాల్లో ఇరవై ఆరుమందికి వండాలి, తర్వాతి ఇరవైలో పెట్టాలి, వాళ్లు తినాలి, చెయ్యి కడుక్కుని యంత్రం ముందు నిలబడాలి. నెలంతా రోజూ అయిదారుగురు నములుతూనే పరుగెత్తారు. ఒకరిద్దరు పళ్లెం అలాగే వదిలేసి వెళ్లారు. వదిలేసిన పళ్లాలు కడిగేటప్పుడు ఆమె ఎవరితోనూ మాట్లాడేది కాదు.

చిన్నబాబు ఇది చూశాడు. చిన్నబాబు అంటే యజమాని. వాళ్ల నాన్న పెద్దాయన పోయి మూడేళ్లయింది. చిన్నబాబు చెడ్డవాడు కాదు. గొంతు పెంచడు. ఊడ్చేవాళ్లని కూడా మీరు అంటాడు. నిన్న మధ్యాహ్నం మనిషెత్తు పెట్టె ఒకటి తెప్పించి భోజనాల గదిలో గోడకి ఆనించి పెట్టించాడు. ఎక్కడో వండి పొట్లాల్లో కట్టిన తిండి దాని లోపల ఉంటుంది. మీట నొక్కితే పొట్లం కిందికి జారుతుంది. పక్కనున్న ఓవెన్‌లో పెట్టి వేడిచేసుకోవాలి. ఆ పెట్టె పక్కన మెత్తదిండు ఉన్న కుర్చీ ఒకటి వేయించాడు.

‘‘ఇక మీరు కష్టపడక్కర్లేదమ్మా. ఇందులో కూర్చోండి. ఎవరికైనా మీట నొక్కడం తెలియకపోతే చూపించండి. అంతే పని,’’ అన్నాడు.

ఆమె కుర్చీ వంక చూసింది. కూర్చోలేదు.

‘‘ఒక్కరోజు ఇవ్వండి బాబూ. రేపు రెండో బెల్లుకి ఒక్కరు యంత్రం దగ్గరికి ఆలస్యంగా వెళ్లినా నేనే వచ్చి ఆ కుర్చీలో కూర్చుంటా. అందరూ వెళితే పెట్టె వెనక్కి పంపించండి.’’

చిన్నబాబు నవ్వాడు. ఫోను చూసుకుంటూ సరేనన్నాడు. చుట్టూ పదిమంది విన్నారు.

టోఫు పిండించే పని మిగిలింది. తడిగుడ్డలో కట్టిన మూటని ఫ్రిజ్‌లోంచి తీసి ఇస్త్రీ గదికి పట్టుకెళ్లింది. సోయా పాలు విరగ్గొట్టి గడ్డకట్టించిన పన్నెండు పలకలు. లోపల నీళ్లుంటే నూనెలో వేయగానే చిటపటలాడతాయి గాని వేగవు. బరువు పెట్టి పిండితే గంట పడుతుంది. ఇక్కడ ఆ బాధ లేదు. పాతబడి పక్కన పడేసిన హోటలు దుప్పట్లు ఉంటాయి. వాటిని ఉతికి మరిగించి, ముక్కలు చేసి, టోఫు పలకల్ని అందులో మడతపెట్టి, దుప్పట్లు ఇస్త్రీ చేసే పెద్ద ప్రెస్సు కింద పెడతారు. పొద్దున్న ప్రెస్సు చల్లగా ఉంటుంది. పైపలకని నెమ్మదిగా దించి అయిదు నిమిషాలు ఉంచితే నీళ్లన్నీ దుప్పటి తాగేస్తుంది. ఇది ఆ ప్రెస్సు నడిపే ప్రెస్సు మామ కనిపెట్టిన ఉపాయం. మామ అని పిలిచేది మిగతావాళ్లు. ఆమెకంటే ఎనిమిదేళ్లు చిన్న కాబట్టి ఆమె తమ్ముడూ అంటుంది.

అతను నిలువెల్లా చెమటలో తడిసి ఉన్నాడు. అయిదింటినుంచి ఆసుపత్రి దుప్పట్లు నొక్కుతున్నాడు. మూట అందుకుని, అక్కడ పెట్టక్కా, నేను చూసుకుంటా అన్నాడు. ఆమె వెనక్కి వచ్చి పళ్లాలు తుడుచుకుంది. కాసేపటికి అతనే మూట తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టి వెళ్లాడు. పక్కనుంచి వెళ్తుంటే మూటలోంచి సన్నగా ఆవిరి లేచినట్టు కనిపించింది. ఇస్త్రీ గది వేడి అయి ఉంటుందిలే అనుకుంది.

ఏడింటికి బల్ల దగ్గర నిలబడింది.

దుప్పటి మడతకి ఇద్దరు కావాలి. చెరో రెండు మూలలు పట్టుకుని దూరంగా నిలబడతారు. ఒక్క విదిలింపు. ముడతలు పోతాయి. దగ్గరికి నడుస్తారు. ఒకరి మూలలు ఒకరికి ఇస్తారు. మళ్లీ దూరం, మళ్లీ దగ్గర. గంటకి నలభై దుప్పట్లు. ఎదుటి మూలలు పట్టుకునే ఆమెని పెద్దనోరు అంటారు. ఆ పేరు ఆమె తనకి తానే పెట్టుకుంది.

దగ్గరికి వచ్చినప్పుడల్లా పెద్దనోరు ఒక మాట విసిరి వెళ్తోంది. ఇవాళ ఏం వండుతున్నావంది. పాస్తా అని చెబితే, సబ్బుముక్కలు వేస్తావా అంది. టోఫు మొదటిసారి పెట్టిన రోజున దాన్ని వేలితో పొడిచి, ఇదేంటి సబ్బుముక్కలా ఉంది అన్నది ఈవిడే. నురగ వస్తే చెప్పు అంది నిమిషమ్మ. రెండేళ్లయినా ఆ మాట లాండ్రీలో నడుస్తూనే ఉంది. నచ్చిన రోజున పళ్లెం తిరిగిస్తూ ‘నురగ రాలేదు’ అంటారు.

టోఫు ఊరికే మొదలవలేదు. ఇరవై ఆరుమందిలో కొందరు మాంసం ముట్టరు. ఒకతనికి గుడ్డు తింటే ఒళ్లంతా దద్దుర్లు. ఒకావిడకి పాలు పడవు. ఎవరి డబ్బా వాళ్లు తెచ్చుకుని ఎవరి మూల వాళ్లు తింటుంటే ఆమెకి నచ్చేది కాదు. ఒకే గిన్నెలోంచి అందరికీ పెట్టాలని పట్టుబట్టింది. పాస్తా ఆమె కోడలు తెచ్చింది. సగం పొట్లం వాళ్లింట్లో మిగిలితే ఈవిడకి ఇచ్చి, ఎనిమిది నిమిషాలు ఉడికించండి అత్తయ్యా అని చెప్పింది. నిమిషమ్మ వండుకుని ఒక్కతే తింది. చప్పగా అనిపించింది. మర్నాడు తనకి తెలిసినవన్నీ వేసింది. వెల్లుల్లి, అల్లం, ఎండుమిరప, వేరుశనగ. ఇది ఏ దేశపు వంట అని కోడలు నవ్వింది. నాది అంది.

నిమిషమ్మ మొగుడు గోడలకి రంగులు వేసేవాడు. తిండి దగ్గర నోరు విప్పేవాడు కాదు. బాగా కుదిరిన రోజున ‘ఉప్పు సరిపోయింది’ అనేవాడు. ముప్పై రెండేళ్ల కాపురంలో ఆ మాట పన్నెండుసార్లు అన్నాడు. ఆమె లెక్కపెట్టుకుంది. పదమూడోసారి ఆసుపత్రిలో అన్నాడు, అక్కడివాళ్లు పెట్టిన జావ తాగి. ఆ రోజు మాత్రం ఆమెకి కోపం వచ్చింది.

వేళ్లు పోయింది ఆమెకి ముప్పై ఒక్క ఏళ్ల వయసులో. దుప్పటితోపాటు చెయ్యి కూడా ఇస్త్రీ రోలరులోకి వెళ్లింది. కట్టు విప్పాక పెద్దాయన ఒక స్టూలు తెప్పించి గేటు దగ్గర వేయించాడు. వచ్చే సంచుల్ని చూస్తూ కూర్చోమన్నాడు. పాపం ఆయన మంచికే అన్నాడు. రెండు రోజులు కూర్చుంది. వచ్చేపోయేవాళ్లు ముందు చేతివంక, తర్వాత మొహంవంక చూసేవాళ్లు. మూడోరోజు వంటమనిషి రాలేదని తెలిసింది. ఎవర్నీ అడగలేదు. లేచి వెళ్లి పొయ్యి వెలిగించింది. ఆ స్టూలు మళ్లీ ఎవరూ ఎక్కలేదు.

పన్నెండూ ఇరవై అయింది.

చేతిలో దుప్పటి మడత పూర్తిచేసే వదిలింది. పరుగెత్తలేదు. గబగబా నడిచింది. టీ కోసం రోజంతా నీళ్లు కాగుతూ ఉండే డ్రమ్ము కింద పెద్ద గిన్నె పెట్టి కుళాయి తిప్పింది. గిన్నె నిండేలోపు రెండో పొయ్యిమీద బాణలి పెట్టి నూనె పోసింది. గిన్నె చెవికి తువ్వాలు చుట్టి మోచేతి మడతలో ఇరికించి, రెండో చెవిని ఎడమచేత్తో పట్టి ఎత్తింది. వేళ్లు లేని లోటు మోచేతితో తీర్చుకోవడం ఎప్పుడో నేర్చుకుంది. పొయ్యిమీద పెట్టి గుప్పెడు ఉప్పు వేసింది. నీళ్లు తెర్లడానికి మూడు నిమిషాలు.

ఫ్రిజ్ తెరిచి మూట విప్పింది.

లోపల పలకలు లేవు. అప్పడంలా నొక్కుకుపోయిన ఒక తెల్లటి పొర ఉంది. దానిమీద దుప్పటి నేత గళ్లుగళ్లుగా అచ్చు పడి ఉంది. అక్కడక్కడ ఇస్త్రీ మరకలా లేత గోధుమరంగు. వేలితో ముడితే పొడిపొడిగా రాలింది.

కిటికీ దగ్గర ప్రెస్సు మామ తల కనిపించింది. మూట విప్పే సమయానికి అతనే వచ్చాడు, ఎలా ఉందో చూద్దామని. చూశాడు. మొహం పాలిపోయింది. పొద్దున్నే ప్రెస్సు వేడెక్కి ఉందని మరిచిపోయాడు. దుప్పటి కనపడగానే కాలు అలవాటుకొద్దీ పూర్తి ఒత్తిడి మీటమీద పడింది. ముప్పై ఏళ్లుగా రోజుకి అయిదొందలసార్లు పడే కాలు అది.

‘‘అక్కా, నేను ఇస్త్రీ చేసేశాను,’’ అన్నాడు.

 ఆమె గోడ గడియారం చూసింది. పన్నెండూ ఇరవై నాలుగు. ముక్కలుగా కోసి నాలుగు వైపులా వేయించాలని అనుకుంది. రెండు వాయిలు, ఒక్కో వాయి ఆరు నిమిషాలు. నిజానికి అది కుదిరే పని కాదని రాత్రే తెలుసు. అయినా చేసి చూద్దామనే వచ్చింది. ఇప్పుడు కోయడానికి ముక్కే లేదు.

గుడ్డని ఎత్తి బాణలి మీద తిరగేసింది. అంటుకున్నదాన్ని గరిటె అంచుతో గీరింది. ఎండు ఆకుల్లా రాలి నూనెలో పడింది. చిటపట లేదు. ఒక్క చుక్క నీరు మిగిలి ఉంటే కదా. సన్నటి రేకులన్నీ ఒక్కసారిగా రంగు తిరిగాయి. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. అంచులు కరకరలాడుతూ గోధుమరంగులోకి వచ్చాయి. ఆమె కళ్లు చిన్నవయ్యాయి. ఒక రేకు తీసి నోట్లో వేసుకుంది. నమిలింది.

‘‘వెళ్లి నీ పని చూసుకో తమ్ముడూ,’’ అంది. ‘‘బాగా నొక్కావు.’’

పాస్తా మరుగుతున్న నీళ్లలో పడింది. టోఫు రేకుల్ని తీసి పక్కన పెట్టింది. అదే బాణలిలో వెల్లుల్లి, అల్లం, ఎండుమిరప. వాసన భోజనాల గది దాటి మడత బల్లదాకా వెళ్లింది. పెద్దనోరు గొంతు అక్కడినుంచే వినిపించింది. క్యాప్సికం, ఉల్లికాడల తెల్లభాగం. చప్పుడు మారగానే వేరుశనగ ముద్ద. అది అడుగంటకుండా పాస్తా ఉడుకుతున్న నీళ్లు రెండు గరిటెలు పోసింది. బుడగలు వచ్చి చిక్కబడింది.

బెల్లు కొట్టింది. పన్నెండున్నర.

తలుపు తోసుకుని అందరూ వచ్చారు. గోడ పక్కన పెట్టె వెలుగుతోంది. దాన్ని ఎవరూ చూడలేదు. కిటికీ ముందు వరస కట్టారు. చిన్నబాబు కూడా వచ్చి, చేతిగడియారం చూసుకుంటూ తలుపు పక్కన నిలబడ్డాడు.

పాస్తా ఒకటి తీసి కొరికింది. మధ్యలో సన్నగా పంటికి తగిలింది. అది చాలు, మిగతాది వేరుశనగ సాస్‌లో మెత్తబడుతుంది. చిల్లుల మూత పెట్టి గిన్నెని మోచేతితో వంచింది. నీళ్లు తొట్టిలోకి పోయాయి. ఆవిరి మొహంమీదికి కొట్టినా తల తిప్పలేదు. కాసిని నీళ్లు అడుగున ఉండగానే ఆపి, బాణలిలోది అంతా గిన్నెలో గుమ్మరించింది. అడుగునుంచి పైకి నాలుగుసార్లు కలిపింది. టోఫు రేకులు పాస్తా గొట్టాలకి అతుక్కుపోయాయి. ముక్కలైతే అడుగుకి దిగిపోయి చివరివాళ్లకే వచ్చేవి. ఇవి ప్రతి గరిటెలోనూ వచ్చాయి. పైన ఉల్లికాడల పచ్చభాగం చల్లి నిమ్మకాయలు పిండింది.

పన్నెండూ ముప్పై నాలుగుకి మొదటి పళ్లెం కిటికీ దాటింది.

గరిటె, పళ్లెం, గరిటె, పళ్లెం. ఒక్క మాట లేదు. వరసలో ఉన్నవాళ్లు కూడా మాట్లాడలేదు. అందరికీ సంగతి తెలుసు. ఎక్కువ వేయమని ఎవరూ అడగలేదు. తీసుకున్నవాళ్లు నిలబడే మొదలుపెట్టారు. ఇరవై ఆరో పళ్లెం పెద్దనోరుది. అప్పటికి పన్నెండూ ముప్పై తొమ్మిది. మామూలుగా ఎన్నడూ నోరు మూయని మనిషి, తింటున్నంతసేపూ మాట్లాడలేదు. చివరికి ఖాళీ పళ్లెం తెచ్చి కిటికీలో పెట్టి, చిన్నబాబుకి వినపడేలా చెప్పింది.

‘‘నురగ రాలేదు.’’

అప్పటికే పళ్లాలు పెట్టేసినవాళ్లు కూడా ఒక్కొక్కరూ అదే మాట అన్నారు. ఇరవై ఆరు పళ్లాలు తొట్టి పక్కన పేరుకున్నాయి. ఏ పళ్లెంలోనూ ఏమీ మిగల్లేదు. పన్నెండూ నలభై ఎనిమిదికి గది ఖాళీ అయింది. రెండు నిమిషాల తర్వాత బెల్లు కొట్టేసరికి యంత్రాలు తిరుగుతున్నాయి.

ఆమె చేతులు తుడుచుకుని కిటికీ ఇవతలికి వచ్చింది. చిన్నబాబు అక్కడే ఉన్నాడు.

‘‘పెట్టె ఎప్పుడు పంపిస్తారు బాబూ?’’

 పెట్టె కాగితాలమీద పొద్దున్నే సంతకం అయిపోయిందన్నాడు అతను. వెనక్కి తీసుకోరన్నాడు. ఇవాళ చేశారు సరే, రోజూ ఇలా కుదరదు కదా అన్నాడు. కుర్చీ ఆమెకోసమే తెప్పించానని, ఎన్నాళ్లు కావాలన్నా అందులో కూర్చోవచ్చని అన్నాడు. మెత్తగానే చెప్పాడు.

‘‘పొద్దున్నే సంతకం పెడితే నన్నెందుకు పరుగెత్తించారు?’’

‘‘మీరు చేయగలరని అనుకోలేదమ్మా.’’

ఆమె అతని మొహంలోకి చూసింది. అబద్ధం లేదు. నిజంగానే అనుకోలేదు.

‘‘ఇప్పుడు తెలిసింది కదా,’’ అంది. ‘‘కుర్చీలో మీ వాళ్లెవర్నైనా కూర్చోబెట్టుకోండి. నాకు కాళ్లు బాగానే ఉన్నాయి.’’

ఎవరో పిలిచారు. లారీ వచ్చిందని. చిన్నబాబు బయటికి వెళ్లాడు.

పళ్లాలన్నీ కడిగింది. పొయ్యి తుడిచింది. ఏప్రాను విప్పి మడతపెట్టింది, దుప్పటి మడతలాగే, మూలకి మూల. గిన్నె అడుగున ఒక్క పళ్లెం పాస్తా మిగిలింది. పొద్దున్నుంచి ఆమె ఏమీ తినలేదు. గరిటె పట్టుకుని ఒక క్షణం ఆగింది. తిండి వేళకి ఈ గదిలో నిలబడ్డ మనిషిని పళ్లెం పెట్టకుండా పంపడం ఇన్నేళ్లలో జరగలేదు. ఆ మనిషి ఎవరైనా సరే. మిగిలినదాన్ని మళ్లీ వేడిచేసి, పళ్లెంలో పెట్టి, పైన మూతపెట్టి చిన్నబాబు గదికి పట్టుకెళ్లింది. గదిలో ఎవరూ లేరు. బల్లంతా ఖాళీగానే ఉంది. ఆ పెట్టె తాలూకు కాగితం మాత్రం మధ్యలో పరిచి ఉంది. దానిమీదే పెట్టింది.

వెనక తలుపు వంటగదికి దగ్గర. ఆమె ముందు తలుపు వైపు నడిచింది, యంత్రాల మధ్యనుంచి, అందరూ చూసేలా. మడత బల్ల దగ్గరినుంచి గేటుదాకా ఎన్ని అడుగులో రోజూ నడిచే ఆమె కాళ్లకి తెలుసు. ప్రెస్సు మామ పైపలక ఎత్తి పట్టుకుని అలాగే ఉండిపోయాడు. ఆమె అతని దగ్గర ఆగింది.

‘‘రేపటినుంచి పనికి రాను, గేటు బయట గోడ పక్కన పొయ్యి పెడతా. బల్ల దగ్గర్నుంచి తొంభై అడుగులు. రానూపోనూ రెండు నిమిషాలు తీసేసినా పద్దెనిమిది మిగులుతాయి. అందరికీ చెప్పు.’’

అతను తలూపాడు. టోఫు సంగతి అడగాలనుకుని నసిగాడు.

‘‘పొద్దున్నే తెచ్చిస్తా. ఇవాళ నొక్కినట్టే నొక్కు,’’ అని వెళ్లిపోయింది.

పలక కిందికి దిగింది. ఆవిరి లేచింది. గేటు తెరుచుకుని మూసుకున్న చప్పుడు యంత్రాల హోరులో ఎవరికీ వినపడలేదు.

చిన్నబాబు గదిలో పళ్లెం కింది కాగితం వేడికి మెత్తబడి, సంతకం ఉన్న మూల కొద్దిగా పైకి ముడుచుకుంది. మూత అంచున ఒక ఆవిరిచుక్క వేలాడుతూ, పడకుండా ఉంది.